మీకు నిజంగా నచ్చే చీజ్ ఏదో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

"ఏ చీజ్ బావుంటుంది, ఏది కొనమంటారు?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. హైదరాబాద్‌లో పిల్లల పాస్తా కోసం కొనేవాళ్ళు, డల్లాస్‌లోనో లండన్‌లోనో కొత్తగా దిగి సూపర్ మార్కెట్లో చీజ్ అరల ముందు నిలబడి ఫోన్ చేసేవాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న. నా ఇష్టం అడిగితే వెంటనే చెప్పేస్తాను. రెండేళ్ళు మాగిన గౌడా నాకు మొదటిది, ఏడాది దాటిన చెడ్డార్ రెండోది, ఎండాకాలం పుచ్చకాయ ముక్కల మీద ఫెటా ఉంటే ఇంకేమీ అడగను, బ్రీ మాత్రం నాకు పెద్దగా ఎక్కదు. కానీ నా లిస్టు పట్టుకుని మీరు కొంటే సగం డబ్బు దండగ, ఎందుకంటే మా ఇంట్లోనే ఏ ఇద్దరికీ ఒకే చీజ్ నచ్చదు.

అందుకని ఏది కొనాలో చెప్పకుండా, మీకు ఏది నచ్చుతుందో మీరే కనుక్కునే పద్ధతి చెప్తున్నాను. ఒక సాయంత్రం, నలుగురు మనుషులు, అయిదు రకాల చీజ్ చాలు. పేరు, రేటు, పక్కవాళ్ళ మాట, ఈ మూడూ పక్కకి పెట్టి నాలుకని మాట్లాడనివ్వడమే ఇందులో అసలు పని.

ముందు ఇది చదవండి

గర్భంతో ఉన్నవాళ్ళు బ్రీ, కామెంబెర్ లాంటి బూజు పొర ఉండే మెత్తటి చీజ్‌లు, మెత్తటి బ్లూ చీజ్‌లు (లోపల నీలి బూజు చారలు ఉండేవి) పచ్చిగా తినకండి. వాటిలో లిస్టీరియా అనే బాక్టీరియా పెరిగే వీలు ఎక్కువ. పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిన చెడ్డార్, పార్మెసాన్ లాంటి గట్టివాటితో ఆ భయం బాగా తక్కువ, అయినా మీ డాక్టర్ని ఒకమాట అడగండి.

డిప్రెషన్‌కి వాడే ఎంఏఓ ఇన్హిబిటర్లు, టీబీకి వాడే ఐసోనియాజిడ్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్ళకి మాగిన చీజ్ పడదు. మాగేకొద్దీ చీజ్‌లో టైరమిన్ అనే పదార్థం పెరుగుతుంది, ఈ మందులతో కలిస్తే బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు. టీబీ మందులు మన దగ్గర చాలామంది వాడతారు, కానీ ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్ళు భయపడక్కర్లేదు. బాగా మాగిన గట్టి చీజ్‌లో లాక్టోజ్ దాదాపు ఉండదు. పాల ఎలర్జీ ఉంటే మాత్రం అది వేరే సమస్య, వాళ్ళు దేని జోలికీ వెళ్ళకూడదు.

కావలసినవి (నలుగురికి)

- అయిదు రకాల చీజ్, ఒక్కోటి 80 గ్రాముల దాకా. మనిషికి ఒక్కో రకం 15–20 గ్రాములు చాలు. తక్కువేమో అనుకోకండి, 100 గ్రాముల చెడ్డార్‌లో 400 కేలరీలు ఉంటాయి, అయిదు రకాలూ అయ్యేసరికి ఒక పూట భోజనంతో సమానం.
- ఒకే రకం తెల్లటి ప్లేట్లు. రంగు ప్లేట్లలో చీజ్ రంగు సరిగ్గా తెలియదు.
- రెండు మూడు కత్తులు. బ్లూ చీజ్‌కి కచ్చితంగా వేరే కత్తి.
- చిన్న స్టిక్కర్లు, పెన్నులు, మనిషికో కాగితం.
- మధ్యలో నోరు శుభ్రం కావడానికి ఉప్పులేని బిస్కట్లు గానీ వట్టి బ్రెడ్ గానీ. మన ఇళ్ళలో నూనె రాయని పుల్కా, ఉప్పు వేయని జొన్నరొట్టె ఇంకా బాగా పనిచేస్తాయి. ఆపిల్ ముక్కలు కూడా పెట్టుకోండి.
- గది వేడిలో ఉన్న మంచినీళ్ళు. ఐస్ నీళ్ళు వద్దు, నోట్లో ఉన్న కొవ్వు గడ్డకట్టి నాలుక మీద పొరలా పట్టేస్తుంది, తర్వాత ఏదీ తెలియదు.

1. దేన్ని దేనితో పోలుస్తున్నారో ముందు తేల్చుకోండి

ఎక్కువమంది ఇక్కడే దారి తప్పుతారు. షాపులో కంటికి నచ్చినవన్నీ బుట్టలో వేసుకొచ్చి కూర్చుంటే చివరికి మిగిలేది కడుపు బరువు. మొదటిసారి చేస్తుంటే వేర్వేరు చీజ్ కుటుంబాల (తాజావి, మెత్తటివి, మాగిన గట్టివి, బ్లూ) నుంచి ఒక్కోటి తీసుకోండి, అప్పుడు మీ నాలుక ఎటు వెళ్తుందో తెలుస్తుంది.

అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఉంటే: తాజా మోజరెల్లా, బ్రీ, మెచ్యూర్ చెడ్డార్, ఏడాది పైన మాగిన గౌడా, గోర్గొంజోలా డోల్చే అనే బ్లూ చీజ్. డోల్చే అంటే మెత్తగా, తక్కువ ఘాటుతో ఉండే రకం. అదే గోర్గొంజోలాలో పికాంతే అని ఘాటుది ఇంకోటి ఉంటుంది, మొదటిసారికి అది వద్దు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉంటే: పెద్ద సూపర్ మార్కెట్లలో గౌడా, చెడ్డార్, ఫెటా, పార్మెసాన్ తరహాది ఒకటి వెతకండి, అయిదోదిగా మీరు రోజూ వాడే ప్రాసెస్డ్ చీజ్ క్యూబ్ పెట్టండి. నవ్వకండి, అది చాలా అవసరం. మనలో చాలామందికి చిన్నప్పటినుంచీ చీజ్ అంటే ఆ రుచే, దాన్ని కూడా పేరు తెలియకుండా మిగతావాటి పక్కన పెట్టి తింటేనే మీ అలవాటు ఎంత, ఇష్టం ఎంత అన్నది బయటపడుతుంది. వీలైతే కొడైకెనాల్‌లో గానీ, పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో గానీ చేసిన చీజ్ తెప్పించుకోండి, మన దేశంలో శ్రద్ధగా చేసేవాళ్ళు అక్కడ ఎప్పటినుంచో ఉన్నారు.

రెండోసారి చేసేటప్పుడు ఒకే చీజ్‌ని వేర్వేరు వయసుల్లో తీసుకోండి. మైల్డ్, మెచ్యూర్, ఎక్స్‌ట్రా మెచ్యూర్ చెడ్డార్ మూడూ పక్కపక్కన పెడితే, నెలలు గడిచేకొద్దీ పాల రుచి తగ్గి పులుపు, చురుకు ఎలా పెరుగుతాయో తెలుస్తుంది. నా దృష్టిలో అయిదు రకాల పోటీ కంటే ఇదే ఎక్కువ నేర్పిస్తుంది.

హెచ్చరిక: ఆరు దాటనివ్వకండి. కొవ్వూ ఉప్పూ నాలుక మీద పేరుకుని ఏడో రకం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి.

2. కొనేటప్పుడు లేబుల్ చదవండి

పోల్చడానికి ముక్కగానే కొనండి. తురిమి ప్యాకెట్లో పెట్టినవి అంటుకోకుండా ఉండాలని బంగాళదుంప స్టార్చ్ గానీ సెల్యులోజ్ పొడి గానీ కలుపుతారు, నోట్లో పిండిగా తగులుతుంది.

"ప్రాసెస్డ్ చీజ్" అంటే అసలు చీజ్‌ని కరిగించి, విడిపోకుండా ఎమల్సిఫైయింగ్ లవణాలు కలిపి మళ్ళీ గడ్డకట్టించినది. 1911లో స్విట్జర్లాండ్‌లో మొదలైన పద్ధతి ఇది. అది మోసమేమీ కాదు. "అనలాగ్" అని ఉంటే మాత్రం పాలకొవ్వు బదులు వంటనూనె కొవ్వులు వాడి ఉండొచ్చు, దాన్ని ఈ పోటీలోకి తేకండి.

శాకాహారులకి ఇంకో సంగతి. చాలా చీజ్‌లకి పాలు విరగడానికి రెన్నెట్ వాడతారు, సంప్రదాయంగా అది దూడ కడుపులోంచి తీసేది. ఇటలీ పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో, స్విట్జర్లాండ్ గ్రూయేర్, ఫ్రాన్స్ రోక్‌ఫోర్, ఇవి నియమం ప్రకారమే జంతు రెన్నెట్‌తో చేస్తారు, కాబట్టి శాకాహారులకి పనికిరావు. గ్రానా పదానోలో గుడ్డు నుంచి తీసే లైసోజైమ్ కూడా వాడతారు, గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి. ఇండియాలో అయితే ప్యాకెట్ మీద పచ్చచుక్క చూస్తే సరిపోతుంది. ఇంగ్లండ్‌లో శాకాహార గుర్తు చూడండి. అమెరికాలో "మైక్రోబియల్ ఎంజైమ్స్" లేదా "వెజిటబుల్ రెన్నెట్" అని స్పష్టంగా ఉంటే తీసుకోండి, ఉత్త "ఎంజైమ్స్" అని ఉంటే ఏవో తెలియదు, కంపెనీని అడగాల్సిందే. పార్మెసాన్ రుచి కావాలంటే అమెరికాలోనే మైక్రోబియల్ ఎంజైమ్‌తో చేసే పార్మెసాన్ దొరుకుతుంది. ఆ పేరు అక్కడ ఎవరైనా పెట్టుకోవచ్చు, యూరప్‌లో పెట్టుకోకూడదు.

మీ ఇంటికొచ్చే అతిథుల్లో శాకాహారులుంటే ఇవన్నీ ముందే చూసుకోండి. తినేశాక తెలిస్తే బాధపడతారు.

3. టైమ్, ఇల్లు సిద్ధం చేసుకోండి

భోజనానికి గంటన్నర ముందు మంచి టైమ్. ఉదయం పదకొండు, సాయంత్రం అయిదు, అలా. ఆవకాయ అన్నం తిని వచ్చి కూర్చుంటే అరగంట దాకా నోట్లో కారం తప్ప ఇంకేం తెలియదు. కాఫీ, పాన్, మౌత్‌వాష్ కూడా అంతే.

ఇంట్లో వాసనలు ఇంకా పెద్ద సమస్య, మనవాళ్ళెవరూ దీన్ని పట్టించుకోరు. అగరబత్తి వెలిగించకండి, ఆ గంటలో పోపు వేయకండి, గట్టి సెంటు కొట్టుకుని రావద్దని వచ్చేవాళ్ళకి ముందే చెప్పండి. మల్లెపూలు కూడా ఆ కాసేపు పక్క గదిలో పెట్టండి. చీజ్ రుచిలో ఎక్కువ భాగం ముక్కుతోనే తెలుస్తుంది. నమ్మకం కుదరకపోతే ముక్కు మూసుకుని చెడ్డార్ ముక్క నమలండి, ఉప్పూ పులుపూ తప్ప ఏమీ అందదు, వేలు తీయగానే మిగతాదంతా ఒక్కసారిగా వస్తుంది.

4. ఫ్రిజ్‌లోంచి ఎంత ముందు తీయాలి

చల్లటి చీజ్‌కి వాసన రాదు, రుచి తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా తిని "ఇందులో ఏముంది, రబ్బరు" అనేవాళ్ళకి సమాధానం ఇదే. చలిదేశాల్లో, ఏసీ గదుల్లో ముప్పావు గంట నుంచి గంట ముందు తీయండి. మన ఎండాకాలంలో, ఏసీ లేకపోతే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, అంతకు మించొద్దు. తాజా మోజరెల్లా, ఫెటా పదిహేను నిమిషాలు చాలు.

సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి: బ్రీ మధ్యలో వేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోవాలి. చెడ్డార్ పైన కాస్త మెరుపు రావాలి గానీ నూనె బొట్లు కట్టకూడదు. బొట్లు కడితే ఎక్కువ వేడెక్కినట్టు, అయిదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. ఎండిపోకుండా పైన గిన్నె బోర్లించి ఉంచండి.

5. కోయండి, పేర్లు దాచండి

కోసేవాళ్ళు ఒకరే ఉండాలి, పేర్లు తెలిసింది వాళ్ళకి మాత్రమే. వాళ్ళు మార్కులు వేసినా లెక్కలోకి తీసుకోకండి.

చెడ్డార్, మోజరెల్లా లాంటివి సమానమైన ముక్కలుగా కోయండి. బ్రీని కేక్ లాగా మధ్య నుంచి అంచు దాకా కోయాలి, అప్పుడే ప్రతి ముక్కలోనూ పొరా లోపలి మెత్తటి భాగమూ రెండూ వస్తాయి. బాగా మాగిన గౌడా, పార్మెసాన్ లాంటివాటిని కత్తి మొనతో గుచ్చి తిప్పి విరగ్గొట్టండి, సన్నగా కోస్తే వాటి గరుకుదనం పోతుంది. బ్లూ చీజ్‌లో నీలి చారలు అందరి ముక్కల్లోనూ దాదాపు సమానంగా వచ్చేలా చూడండి.

పేర్ల బదులు 417, 952, 386 ఇలా మూడంకెల నంబర్లు అంటించండి. 1, 2, 3 అనో ఏ, బీ, సీ అనో రాస్తే మొదటిది గొప్పది అన్న భావం తెలియకుండానే వచ్చేస్తుంది. నంబర్ల లిస్టు కోసినవాళ్ళ జేబులో ఉండాలి.

రంగు చూసి కూడా మోసపోతాం. నారింజ రంగు చెడ్డార్ ఘాటుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది ఉత్త జాఫ్రా గింజల రంగు, రుచికి సంబంధం లేదు. ఒకే రకం తెల్లదీ నారింజదీ పోలుస్తుంటే కళ్ళు మూసుకుని తినండి.

6. తినే వరస

తేలికదానితో మొదలుపెట్టి ఘాటుదానితో ముగించండి: తాజావి, తర్వాత మెత్తటివి, తర్వాత మాగిన గట్టివి, ఆఖర్న బ్లూ. బ్లూ చీజ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మధ్యలో పెట్టకండి. దాని తర్వాత ఏది తిన్నా బ్లూ చీజే తిన్నట్టుంటుంది. ఫెటాలో ఉప్పు ఎక్కువ కాబట్టి అది ఉంటే మోజరెల్లా కంటే వెనక్కి జరపండి, లేదా పది నిమిషాలు మంచినీళ్ళలో వేసి తీయండి.

7. రుచి చూసే తీరు

ముక్కని రెండు వేళ్ళతో విరిచి, విరిచిన వైపు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. చిన్న ముక్క నోట్లో వేసుకుని పది పన్నెండు సార్లు మెల్లగా నమలండి, వెంటనే మింగకండి, నోటి వేడికి అది కరగాలి. నోరు మూసుకునే ముక్కు ద్వారా గాలి వదలండి, ఇది మరిచిపోతే సగం పోయినట్టే. మింగాక అర నిమిషం ఆగండి. కొన్ని చీజ్‌లు నోట్లో ఉన్నప్పుడు మామూలుగా ఉండి మింగాక రుచినిస్తాయి, మాగిన గౌడా అలాంటిదే. కొన్ని మొదట్లో బ్రహ్మాండంగా ఉండి చివర్లో చేదు మిగులుస్తాయి.

రెండో ముక్కతో మీరు అనుకున్నది నిజమో కాదో చూసుకోండి. తర్వాత పుల్కా ముక్క, రెండు గుక్కల నీళ్ళు, ఒక నిమిషం విరామం.

మాగిన గౌడాలో, పార్మెసాన్‌లో పంటికి కరకరలాడుతూ తగిలేవి ఉప్పు రాళ్ళు కావు. ప్రొటీన్ విడిపోయి టైరోసిన్ గడ్డకట్టిన స్ఫటికాలు అవి, బాగా మాగిందనడానికి గుర్తు. పాడైందనుకుని పారేసేవాళ్ళని చూశాను. మెచ్యూర్ చెడ్డార్ పైన కూడా తెల్లగా పొడిలా కనిపిస్తుంది, అది కాల్షియం లాక్టేట్. వేలితో రుద్దితే గట్టిగా ఇసకలా ఉంటే స్ఫటికం, దూదిలా మెత్తగా నూగుతో ఉంటే బూజు.

8. ఎవరి కాగితం వాళ్ళే, మాట్లాడకుండా రాయండి

ఇది కచ్చితంగా పాటించాల్సిన నియమం. ఒక్కరు "అబ్బ, సూపర్" అన్నారంటే మిగతా ముగ్గురి మార్కులూ అటే జరుగుతాయి, ఇంటి పెద్దవాళ్ళు అంటే ఇంకా ఎక్కువ.

ప్రతి నంబర్‌కీ రెండు మార్కులు వేయండి, రెండూ 1 నుంచి 9 వరకు. ఒకటి ఘాటు ఎంత ఉంది, రెండోది నాకు ఎంత నచ్చింది. రెండూ విడిగా ఎందుకంటే, ఘాటుగా ఉంటే మంచి చీజ్ అని కొందరూ, ఘాటుగా ఉంటే చెడ్డదని కొందరూ రెండిటినీ కలిపేస్తారు. ఆ తర్వాత రెండు మూడు మాటల్లో ఎలా ఉందో రాయండి, ప్యాకెట్ మీద ఉండే "నట్టీ", "క్రీమీ" లాంటి మాటలు కాకుండా మీ నోటికొచ్చిన మాటలు రాయండి. పులుపు, వగరు, చేదు, చురుకు, మీగడ, వెన్న కాచిన వాసన, పచ్చిపాల వాసన, కోవా, ముక్కిన వాసన, ఏదైనా సరే.

మా ఇంట్లో ఒకసారి మా అత్తయ్యగారు మాగిన గౌడా ముక్కని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, నోట్లో వేసుకుని కాసేపాగి "అడుగంటిన కోవాలా ఉందమ్మా, బావుంది" అన్నారు. ఆ చీజ్ గురించి అంతకంటే సరైన మాట నేను ఇంతవరకూ వినలేదు. బ్లూ చీజ్‌కి "బూజుపట్టిన ఎండుకొబ్బరి" అని రాసి 2 మార్కులు వేశారు. అది కూడా నూటికి నూరుపాళ్ళు నిజం. బ్లూ చీజ్‌కి ఆ వాసన ఇచ్చే మిథైల్ కీటోన్లు అనే రసాయనాలే, కొబ్బరికి బూజు పట్టినప్పుడు కూడా తయారవుతాయి. చీజ్ గురించి ఏమీ చదవకపోయినా ఆవిడ ముక్కు సరిగ్గా పట్టేసింది. అందుకే అంటున్నాను, మీ మాటలే రాయండి.

9. లెక్క తేల్చండి

అందరూ రాశాక, పేర్లు చెప్పకముందే, ఎవరికి వారు తమ మొదటి రెండు నంబర్లనీ మళ్ళీ పక్కపక్కన పెట్టుకుని తినండి. విడివిడిగా 8, 7 వేసినవి ఎదురెదురుగా పెట్టినప్పుడు తారుమారు కావడం మామూలే. ఈ రెండోసారి గెలిచిందే మీ చీజ్ అనుకోండి.

నలుగురి మార్కులూ కూడి సగటు తీయకండి. ఒకరు 9, ఇంకొకరు 1 వేసిన చీజ్‌కీ, ఇద్దరూ 5 వేసిన చీజ్‌కీ సగటు ఒకటే, కానీ మొదటిదాన్ని ఒకరు ప్రాణంగా తింటారు, రెండోది ఫ్రిజ్‌లో ఎండిపోతుంది.

ఆ తర్వాతే పేర్లు చెప్పండి. పేర్లు తెలిశాక మార్కులు దిద్దుకోవడం నిషేధం.

10. వచ్చిన ఫలితం నిజమేనా? సరిచూసుకోండి

ఒకటి, కబుర్లలో పడ్డాక ఏ ప్లేటు ముందు ఖాళీ అయిందో చూడండి. కాగితం మీద బ్రీకి 8 వేసి చేత్తో చెడ్డార్ తింటూ ఉంటారు. నేను చేతినే నమ్ముతాను.

రెండు, వారం తర్వాత మొదటి మూడింటిని వరస మార్చి మళ్ళీ తినండి. ఆకలి మీద ఉన్నప్పుడు ముందు వచ్చినదానికి మార్కులు ఎక్కువ పడతాయి, వరస మారిస్తే అది బయటపడుతుంది.

మూడు, చవక చెడ్డార్‌కీ ఖరీదైన చెడ్డార్‌కీ నిజంగా తేడా తెలుస్తోందా అన్న అనుమానం ఉంటే మూడు ముక్కల పరీక్ష పెట్టండి. రెండు ముక్కలు ఒకదానివి, మూడోది ఇంకోదానిది, కళ్ళు మూసుకుని తిని వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కరెక్ట్ అవుతుంది కాబట్టి ఒక్కసారితో వదలకండి. ప్రతిసారీ ముక్కల చోటు మారుస్తూ అయిదుసార్లు చేయండి. నాలుగు లేదా అయిదు సరిగ్గా చెప్తే మీకు నిజంగా తేడా తెలుస్తున్నట్టే, ఊరికే ఊహించి అలా రావడానికి అవకాశం నూటికి అయిదు కంటే తక్కువ. చెప్పలేకపోతే నిశ్చింతగా చవకది కొనుక్కోండి. తేడా తెలిసినంత మాత్రాన ఖరీదైనదే మీకు నచ్చాలనీ లేదు.

నాలుగు, వేడి పరీక్ష. ఉత్తగా తినడానికి నచ్చినది వంటలో నచ్చకపోవచ్చు, అందుకని రెండు లిస్టులు పెట్టుకోండి. ఒకే బ్రెడ్ మీద ఒక్కో చీజ్ తురిమి ఒకేసారి పెనం మీద మూత పెట్టి కరిగించి చూడండి. మోజరెల్లా సాగుతుంది, లేత గౌడా, మైల్డ్ చెడ్డార్ చక్కగా కరుగుతాయి, బాగా మాగినవి నూనె వదిలి గరుకుగా విడిపోతాయి. ఫెటా మెత్తబడుతుంది గానీ కరిగి సాగదు. హలూమి మన పనీర్ లాగే కరగదు, ముక్కలుగా పెనం మీద కాల్చుకోవడానికి అది బంగారం. దోశ మీదికైతే నా ఓటు లేత గౌడాకే, సాగుతుంది, రుచి కూడా ఉంటుంది.

ఎక్కువగా వినే ఫిర్యాదులు

"అన్నీ ఉప్పగానే ఉన్నాయి." బిస్కట్లు ఉప్పువై ఉంటాయి, లేదా ఫెటా ముందు తినేసి ఉంటారు. రెండూ కాకపోతే మీరు తక్కువ ఉప్పు మనిషి, తాజా మోజరెల్లా, రికోటా, ఎమెంటాల్ వైపు వెళ్ళండి. బీపీ ఉన్నవాళ్ళు కూడా అటే.

"అన్నీ ఒకేలా ఉన్నాయి." చల్లగా తిన్నారు, లేదా జలుబు చేసింది, లేదా అయిదూ ఒకే కుటుంబంవి కొన్నారు.

"బ్రీ బాత్రూమ్ క్లీనర్ వాసన వచ్చింది." అది అమోనియా, మరీ మాగిపోయింది. కాస్తగా ఉంటే విప్పి పదిహేను నిమిషాలు గాలికి ఉంచితే పోతుంది. అప్పటికీ ముక్కు మండిస్తే, లోపల గోధుమ రంగులోకి తిరిగి ఉంటే పారేయండి. ఒక ప్యాకెట్ అలా వచ్చిందని బ్రీ అంటేనే పడదని రాసుకోకండి, ఇంకోసారి మంచిది తినాలి.

"వాసన భరించలేకపోతున్నా." బలవంతం ఏమీ లేదు, కానీ ప్రయత్నించాలనుంటే మెట్టుమెట్టుగా వెళ్ళండి. ముందు బ్రీని పొర తీసేసి, తర్వాత పొరతో. గోర్గొంజోలా డోల్చేని ముందు పియర్ పండు ముక్క మీద తేనె చుక్కతో, తర్వాత ఉత్తగా. లింబర్గర్ లాంటి ఉప్పునీటితో కడుగుతూ మాగబెట్టే రకాలకి కాళ్ళ వాసన వస్తుందంటారు, నిజమే, రెండిటి వెనకా దగ్గరి చుట్టాలైన బాక్టీరియానే ఉన్నాయి. పచ్చి ఇంగువ డబ్బా మూత తీస్తే వచ్చే వాసన చూసి పులిహోర రుచి ఊహించలేం కదా, వీటి సంగతీ అంతే, పైన ఉన్నంత వాసన లోపల ఉండదు. పైపొర తీసేసి లోపలిది తిని చూడండి. మూడు వేర్వేరు రోజుల్లో తిన్నా నచ్చకపోతే అది మీ చీజ్ కాదు, వదిలేయండి.

"పిల్లలు ప్రాసెస్డ్ క్యూబే గెలిపించారు." గెలవనివ్వండి. వచ్చేసారి దాని పక్కన మైల్డ్ చెడ్డార్, లేత గౌడా పెట్టండి, ఉప్పూ మెత్తదనం దగ్గరగా ఉంటాయి కాబట్టి అటు మళ్ళడం తేలిక. నీతులు చెప్పి తినిపిస్తే మాత్రం జన్మలో ముట్టుకోరు.

మిగిలినవి ఎలా దాచాలి

ప్లాస్టిక్ కవర్లో బిగించి చుట్టకండి, చెమట పట్టి బూజొస్తుంది, ప్లాస్టిక్ వాసన కూడా అంటుకుంటుంది. గట్టివాటిని బటర్ పేపర్లో చుట్టి, మూత వదులుగా ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. బ్లూ చీజ్‌కి వేరే డబ్బా, లేకపోతే దాని బూజు పక్కవాటికి పాకుతుంది. ఫెటా దాని ఉప్పునీళ్ళలోనే ఉండాలి. గట్టి చీజ్ మీద బూజు కనిపిస్తే చుట్టూ, లోపలికీ ఒక అంగుళం మేర కోసేసి మిగతాది వాడుకోవచ్చు, కత్తి బూజుకి తగలకుండా చూసుకోండి. తాజా మోజరెల్లా, రికోటా లాంటి మెత్తటివాటి మీద బూజొస్తే మొత్తం పారేయాల్సిందే.

గంటన్నర పైన బయట ఉన్న మెత్తటి చీజ్‌ని మళ్ళీ దాచకండి, మన వాతావరణంలో అసలు వద్దు. గట్టి ముక్కలు మిగిలితే అన్నీ కలిపి తురిమి డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి, టోస్ట్‌కీ పాస్తాకీ నెలా రెండు నెలలు వాడుకోవచ్చు. పార్మెసాన్ గట్టి అంచు మాత్రం విడిగా దాచండి, టమాటా సూప్ మరుగుతున్నప్పుడు వేసి దించేముందు తీసేస్తే సరిపోతుంది. డబ్బా మీద చీజ్ పేరు, తారీఖు, పక్కనే మీరు వేసిన మార్కు కూడా రాసి అంటించండి, వచ్చేసారి కొనడానికి వెళ్ళేముందు దాన్నే ఫోటో తీసుకుని వెళ్ళొచ్చు.